బిలంలో సిగ్నల్ ఉండదు: మన చదువు ఎవరి వేగంతో నడిచింది?

అన్నలూ అక్కలూ, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పోస్టు కొంచెం పొడుగు. ఒకేసారి చదవలేకపోతే ఆపి, రేపు మళ్లీ చదవండి. ఈ పోస్టు చెప్పేది కూడా ఆ సంగతే: ఎవరి వేగంతో వాళ్లు చదువుకోవడం.

"ఫోన్ వల్ల పిల్లలు చెడిపోతున్నారు" అని తండాలో పెద్దోళ్లు అంటారు. "ఫోన్ లేకపోతే నాకు డిగ్రీ పాఠం అర్థమే కాదు" అని మనం అంటాం. రెండూ నిజమే. కానీ నేను చరిత్ర చదువుతున్నా కదా, నాకు వేరే ప్రశ్న వచ్చింది. ఫోన్ రాకముందు మన చదువు వేగం ఎవరి చేతిలో ఉండేది? మనవాళ్ల కోసమని వచ్చిన ప్రతి కొత్త పద్ధతీ ఎక్కడిదాకా వచ్చి ఆగింది? ఈ లెక్క తెలిస్తే ఫోన్‌ను ఎట్లా వాడాలో కూడా తెలుస్తుంది.

ముందు మన జిల్లాలో ఉన్న బెలుం గుహల సంగతి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన చేల కింద ఉన్నాయి ఇవి. బెలుం అనే పేరు 'బిలం' నుంచి వచ్చింది. సున్నపురాయిని భూమిలోపలి నీళ్లు లక్షల ఏళ్లు కొద్దికొద్దిగా కరిగిస్తూ పోతే ఈ దారులు పడినాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. మళ్లీ దాదాపు వందేళ్లకు, 1982, 83లలో గెబావర్ అనే ఆయన నాయకత్వంలో జర్మనీ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో పర్యాటక శాఖ జనానికి తెరిచింది. ఇప్పుడు సుమారు కిలోమీటరున్నర దాకా నడవొచ్చు. అన్నిటికంటే లోతు పాతాళగంగ, పైనుంచి దాదాపు 150 అడుగుల కింద.

పోయిన ఏడాది హాస్టల్ నుంచి కొంతమందిమి కలిసి పోయాం. లోపలికి దిగేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయినాయి. ఇరుకు దారిలో గుంపుగా నడుస్తుంటే వెనకున్నోళ్లకు ముందున్నోళ్ల మాట సగమే అందుతుంది. నేను ముందురోజు రాత్రే గుహల మీద రెండు వీడియోలు, సున్నపురాయి ఎట్లా కరుగుతుందో చెప్పే ఒక పాఠం దించుకుని పెట్టుకున్నా. కోటిలింగాల దగ్గర గోడకు ఆనుకుని ఆ పాఠం మళ్లీ విన్నాను. ఎదురుగా పైనుంచి వేలాడే రాళ్లు, చెవిలో అవి ఎట్లా ఏర్పడినాయో చెప్పే మాట. రెండూ ఒకే చోట కలిసినాయి. ఆ రోజు అర్థమైన సంగతి ఒకటుంది. సిగ్నల్ లేని చోట కూడా ఫోన్ పనికొస్తుంది, ముందే సిద్ధం చేసుకుంటే. మన గూడేలు చాలావరకు సిగ్నల్ విషయంలో బెలుం లాంటివే కదా.

ఇప్పుడు కాస్త వెనక్కి పోదాం.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పంతులు. 1863లో పుట్టారు. వాడుక భాష ఉద్యమం అంటే ఆయన పేరే చెప్తాం. కానీ అంతకుముందే సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. పిల్లవాడికి రాని భాషలో చెప్తే వాడు మొద్దు కాదు, పాఠమే తప్పు అని ఆయన పని మనకు చెప్తుంది.

తర్వాత ఆదిలాబాద్. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల మధ్యకు పంపింది. ఆయన అంతకుముందే మన నల్లమల చెంచుల దగ్గర ఉండి వాళ్ల మీద పుస్తకం రాసినాయన. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. గోండీలో వాచకాలు వేశారు, గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్లను చేశారు. పంతులు మనోడే అయితే పిల్లోడు భయం లేకుండా రెండోసారి అడుగుతాడు. 'రెండోసారి అడగడం' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తా.

తర్వాత యంత్రాలు వచ్చినాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లలో టీవీలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులో కార్యక్రమాలు వచ్చినాయి. అప్పట్లో అది చాలా పెద్ద పని. కానీ ఆ టీవీ చెప్పేది, మనం వినేది. ఆ టైముకు నువ్వు చేలో ఉంటే పాఠం పోయినట్టే. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. 2004లో శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. చదువు కోసమే తయారుచేసిన ఉపగ్రహం అది. అయినా పాఠం వేగం ఇంకా స్టూడియోలో ఉన్నాయన చేతిలోనే ఉండింది.

వేగాన్ని విద్యార్థి చేతిలో పెట్టడం మన దగ్గర పెద్ద ఎత్తున మొదలైంది 1982లో. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, మన తెలుగు నేల మీదే. జి. రామ్‌రెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలర్. తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు కూడా ఆయన్నే పిలిచారు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఇచ్చింది అది. పగలు కూలికి పోయి రాత్రి పుస్తకం తీసినోళ్లు, పెళ్లయ్యాక డిగ్రీ చేసిన అక్కలు, వీళ్లందరికీ అది తలుపు తీసింది. పుస్తకం ఇంటికొస్తుంది, నీ టైములో చదువుకో. ఒక్క ఇబ్బంది. పుస్తకం తిరిగి జవాబు చెప్పదు. ఇంట్లో చదువుకున్నోళ్లు ఉంటే వాళ్లను అడుగుతావు. మనలాంటి ఇంట్లో ఎవర్ని అడుగుతావు?

2004లో ఉమ్మడి రాష్ట్రంలో మళ్లీ గిడుగువారి దారి పట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అని ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో, తల్లి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగుకు తీసుకుపోయే చదువు అది. మన గోర్ బోలి కూడా ఆ లిస్టులో ఉంది. మన భాషకు సొంత లిపి లేకపోతే ఏం, తెలుగు లిపిలోనే రాశారు.

ఇక ఫోన్ కథ. అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే ఆయన (సినిమా హీరో కాదు) 2004లో దూరంగా ఉన్న బంధువుల అమ్మాయికి ఫోన్‌లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి 2006 నుంచి వీడియోలు చేసి పెట్టాడు. మనిషి ఎదురుగా చెప్పేదానికంటే వీడియోనే మేలని ఆ పిల్లలు అన్నారట. ఎందుకంటే ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, "ఇంకా అర్థం కాలేదా?" అని ఎవరూ అడగరు. అదే ఖాన్ అకాడమీ అయింది. నేను చెప్పిన 'రెండోసారి అడగడం' ఇదే. మార్లవాయిలో మనోడే పంతులైతే దొరికిన ధైర్యం, ఇక్కడ ఒక బటన్‌లో దొరికింది.

మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. 2017లో స్వయం, దీక్ష రెండూ వచ్చినాయి. స్వయంలో కాలేజీ కోర్సులు, దీక్షలో బడి పాఠాలు. బడి పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు కూడా వచ్చినాయి, ఫోన్ పెడితే పాఠం తెరుచుకుంటుంది. 2020లో కరోనాతో బడులు మూసినప్పుడు ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో, తెలంగాణలో యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వేశారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, పంతుళ్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలు ముందే వేసి ఇచ్చారు. బెలుంలో నాకు పనికొచ్చింది కూడా ఈ పద్ధతే.

నా సంగతి చెప్తా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా యాడికి సంతకం వచ్చు, అంతవరకే. డిగ్రీలో మొదటి నెల ఇంగ్లీషు మీడియం పాఠం వింటుంటే, ఒక వాక్యం పట్టుకునేలోపు మూడు వాక్యాలు దాటిపోయేవి. రాత్రి హాస్టల్ వరండాలో అదే పాఠం ఫోన్‌లో, వేగం తగ్గించి, మూడుసార్లు వినేదాన్ని. మొదటిసారి మాటలు, రెండోసారి అర్థం, మూడోసారి నోట్సు. అంటే నాకు కావాల్సింది తెలివి కాదు, టైము. ఇది తెలియక ఎంతమంది మనోళ్లు "మనకు చదువు రాదు" అనుకుని పెట్టె సర్దుకుని పోయినారో.

అయితే చరిత్ర ఇంకో మాట కూడా చెప్తుంది. సొంత వేగం అంటే ఒంటరి చదువు కాదు. ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లు ఎక్కువ, పూర్తిచేసేవాళ్లు తక్కువ అని ప్రపంచమంతా తేలింది. పక్కన మనిషి లేకపోతే పాఠం నుంచి రీల్‌కు పోవడానికి ఒక్క వేలు చాలు. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ముందు నాయన చేతికి, తర్వాత అన్న చేతికి, చివర్లో చెల్లి చేతికి వస్తుంది, అప్పటికి చార్జింగ్ ఉండదు. మార్లవాయి నిలబడింది వాచకం వల్ల ఒక్కటే కాదు, దాన్ని పట్టుకుని కూర్చున్న గోండు పంతులు వల్ల.

ఇంకొకటి, నాకు ముఖ్యమైనది. బెలుం గురించి ఫుట్ పేరు తెలుసు. గెబావర్ పేరుతో లోపల ఒక హాలే ఉంది. వాళ్ల పని గొప్పదే. కానీ ఆ బిలాల పక్కన తరతరాలుగా మేకలు కాసినోళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఎందుకు? వాళ్లు రాయలేదు, వాళ్ల మాట ఎవరూ రాసుకోలేదు. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో గోండి రాతప్రతులు బయటపడినాయి. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. సవరల సోరా సోంపెంగ్ లిపి 2012లోనే చేరింది. ఒకప్పుడు గూడెంలో కొద్దిమందికే తెలిసిన అక్షరం ఇప్పుడు ఫోన్‌లో కొట్టుకోవచ్చు. కాబట్టి ఫోన్ మనం పాఠం వినడానికే కాదు, పాఠం తయారుచేయడానికి కూడా.

అందుకే ఈ సెలవుల్లో మూడు పనులు చేద్దాం. ఒకటి, సిగ్నల్ ఉన్న టౌన్‌లోనే పాఠాలు దించి మెమొరీ కార్డులో ఊరికి తీసుకుపోదాం, టెన్త్ తప్పిన తమ్ముళ్లకు ఇద్దాం, ఓపెన్ స్కూల్ సంగతి చెప్దాం. రెండు, ఇచ్చి వదిలెయ్యకుండా వారానికి ఒక సాయంత్రం నలుగురిని కూర్చోబెట్టి "ఎక్కడ ఆగిపోయావు?" అని అడుగుదాం. మూడు, అవ్వలు తాతలు చెప్పే వలస కథలు, మందుల చెట్ల పేర్లు, పాటలు మన భాషలోనే రికార్డు చేసి, చెప్పినోళ్ల పేరు, ఊరు, తేదీ రాసి దాచుకుందాం. వాళ్లు ఒప్పుకుంటేనే.

మీ ఊరి నుంచి ఎవరు మొదలుపెడతారో చెప్పండి. మా తండా నుంచి నేను మా అవ్వతో మొదలుపెడుతున్నా.