నర్సీపట్నం సీమ చేతులు మారిన సంధి

పద్దెనిమిదో శతాబ్దంలో నర్సీపట్నం, గొలుగొండ ప్రాంతం చికాకోలు సర్కారులోది. హైదరాబాదు ప్రభువు సలాబత్ జంగ్ 1753లో ఈ సర్కారుతో పాటు రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కారుల రాబడిని ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని ఫౌజు జీతాల కింద రాసిచ్చాడు.

ఐరోపాలో రాజుకున్న ఏడేళ్ల యుద్ధం ఈ తీరానికీ పాకింది. విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువారిని పిలిచాడు. బెంగాలు నుంచి ఓడల్లో వచ్చిన కర్నల్ ఫోర్డు, 1758 డిసెంబరు 7న పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏప్రిల్ 7 రాత్రి ఆయన సైనికులు బురదనేలలో దిగబడుతూ మచిలీపట్నం కోట మీద పడ్డారు. తెల్లారేసరికి కోట వశమైంది. ఫ్రెంచివారికి సాయంగా బయల్దేరిన సలాబత్ జంగే, మే 14న ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకుని మచిలీపట్నం సీమను వారికిచ్చాడు.

1763 ఫిబ్రవరి 10 నాటి పారిస్ సంధిలో ఫ్రెంచివారు ఈ తీరంలో 1749 తర్వాత సంపాదించిన వాటిని వదులుకున్నారు. యానాం వంటి పాత వర్తక స్థావరాలు మాత్రం వారికి తిరిగి దక్కాయి. అదే సంధి సలాబత్ జంగ్‌ను దక్కను ప్రభువుగా గుర్తించింది; అప్పటికే ఆయన్ను తమ్ముడు నిజాం అలీ చెరలో పెట్టాడు!

అయితే పారిస్ కాగితం సర్కారులను ఇంగ్లీషువారి పేర రాయలేదు. 1765లో బెంగాలు ఇంగ్లీషు గవర్నరు క్లైవ్ మొగలు పాదుషా షా ఆలం నుంచి ఫర్మానా తెచ్చుకున్నా నిజాం అలీ ఒప్పుకోలేదు. చివరికి 1766 నవంబరు 12న హైదరాబాదులో బేరం కుదిరింది: పై నాలుగింటితో కలిపి అయిదు సర్కారులకు ఏటా తొమ్మిది లక్షల రూపాయల పేష్కష్ (కప్పం), అందులో చికాకోలు వంతు రెండు లక్షలు. గొలుగొండ కొండల్లో పోడు కొట్టుకునేవారినీ, కింద మైదానంలో రైతులనూ అడిగిన నాథుడు లేడు. ఇది కచ్చితంగా అన్యాయమే. తర్వాతి సంధుల్లో పేష్కష్ తగ్గింది. 1823లో ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ మొత్తం సొమ్ము ఒకేసారి కట్టి దాన్ని వదిలించుకుంది.

కాగితం మీద కంపెనీదైనా, చాలాకాలం ఇక్కడ చెల్లింది జమీందారుల మాటే. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగాక కంపెనీ పట్టు బిగిసింది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయ విధానం వచ్చింది. శిస్తు బకాయిపడ్డ గొలుగొండ జమీ 1830లలో ప్రభుత్వపరమైంది. 1839 చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కితే వచ్చే సీమను జనం నేటికీ ఏజెన్సీ అంటారు. ఆ పేరు ఈ ఏజెంటు నుంచి వచ్చిందే.