పాత మారుతి 800కి కొత్త ఎగ్జాస్ట్: ఏది పెట్టించాలి, ఏది వద్దు

హైటెక్ సిటీ ఆఫీసుల సెల్లార్ పార్కింగ్‌లో పెద్ద పెద్ద ఎస్‌యూవీల మధ్య అప్పుడప్పుడు ఒక పాత మారుతి 800 కనిపిస్తుంది. నాన్న కొన్నదో, అబ్బా కొన్నదో, అమ్మడానికి మనసొప్పక ఉంచుకున్న బండి. ఉద్యోగంలో కుదురుకున్న కొడుకు ముందు పెయింట్ వేయిస్తాడు, తర్వాత సీట్లు మారుస్తాడు. ఆ తర్వాత చూపు సైలెన్సర్ మీద పడుతుంది. ఫ్రీ ఫ్లో పెట్టిస్తే బండి ఎగిరిపోతుందని ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు. డబ్బులు దండగయ్యేది ఎక్కువగా అక్కడే.

మారుతి 800 మొదటి బళ్లు 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కాయి. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు. కార్బురేటర్ మోడల్ శక్తి 40 హార్స్‌పవర్ లోపే. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధనలు రావడంతో హైదరాబాద్ సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగింది, 2014లో తయారీ కూడా ఆగిపోయింది. ఇంత చిన్న ఇంజిన్‌కు మంచి ఎగ్జాస్ట్ వల్ల ఐదు శాతం శక్తి పెరిగిందనే అనుకుందాం. అంటే రెండు హార్స్‌పవర్. ఈ లెక్క ముందు పెట్టుకుని షాపుకెళ్తే మంచిది.

లావు పైపు మంచిది కాదా?

కాదు. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. సిలిండర్ నుంచి కాలిన గ్యాస్ ఒకే ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. ఒక దెబ్బ వేగంగా పైపులో ముందుకు పోతే దాని వెనక ఒత్తిడి తగ్గి, తర్వాతి గ్యాస్‌ను బయటకు లాగుతుంది. పైపు మరీ లావైతే గ్యాస్ వేగం పడిపోతుంది, ఆ లాగుడు పోతుంది. ఫలితం తక్కువ ఆర్‌పీఎంలో తెలుస్తుంది. మైండ్‌స్పేస్ జంక్షన్‌లో సెకండ్ గేర్‌లో పాకే బండికి కావాల్సింది ఆ కింది లాగుడే. 800 సీసీ ఇంజిన్‌కు ఒకటిన్నర అంగుళం పైపు దాటాల్సిన అవసరం ఉండదు. రెండు అంగుళాల పైపు వేస్తే శబ్దం పెరుగుతుంది, బండి మాత్రం మొద్దుబారుతుంది.

మారుతికి ఒక అదృష్టం ఉంది. మూడు సిలిండర్లు సమాన దూరంలో, క్రాంక్ 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి చొప్పున పేలతాయి. అందుకే మూడు పైపులు సమాన పొడవుతో వచ్చి ఒక చోట కలిసే హెడర్ దీనికి బాగా నప్పుతుంది. బ్రిటిష్ మినీ సంగతి వేరు. 1959లో వచ్చిన ఆ కారు ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లున్నా ఎగ్జాస్ట్ రంధ్రాలు మూడే, మధ్య రెండు సిలిండర్లకు ఒకటే దారి. అందుకని మినీ వాళ్లు మధ్య పైపును పొడవుగా పెట్టే ప్రత్యేక మానిఫోల్డ్ వాడతారు. ఒక బండికి కుదిరింది ఇంకో బండికి కుదరదని చెప్పడానికే ఈ ఉదాహరణ. వీడియో చూసి డిజైన్ కాపీ కొట్టించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మఫ్లర్ విషయంలో శబ్దం ఎంత అన్నది కాదు, ఎలాంటి శబ్దం అన్నది చూడాలి. షాపు ముందు ఐడిల్‌లో వినడానికి భలేగా ఉన్న బండి గచ్చిబౌలి దాటి ఔటర్ రింగ్ రోడ్ ఎక్కగానే చెవుల్లో గుంయ్‌మంటుంది. చిన్న కారు, పలచని రేకు, లోపల డబ్బాలో కూర్చున్నట్టే. మధ్యలో ఒక చిన్న రెసొనేటర్ పెట్టిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. గ్లాస్ ఊల్ నింపిన మఫ్లర్లు కొత్తలో మెత్తగా ఉంటాయి, లోపలి ఊల్ కాలిపోయే కొద్దీ మోత పెరుగుతుంది.

పైపు మార్చి కార్బురేటర్‌ను అలాగే వదిలేయడం ఇంకో పొరపాటు. గ్యాస్ సులువుగా బయటకెళ్తే మిశ్రమంలో గాలి పాలు పెరగొచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక టపటపమని పేలడం, స్పార్క్ ప్లగ్ తెల్లగా మారడం దీనికి గుర్తులు. జెట్ సరిచేయించాలి. లేదంటే వాల్వులు కాలతాయి, ఆ ఖర్చు సైలెన్సర్ ధరను మించిపోతుంది.

లోహం ఎంపిక మన వాడకం మీద ఆధారపడుతుంది. కొండాపూర్ నుంచి రాయదుర్గం వరకు రోజూ చిన్న ప్రయాణమైతే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, లోపల నీరు నిలిచి తుప్పు లోపలి నుంచే తింటుంది. మామూలు ఇనుప రేకు చౌకే గానీ ఎక్కువ రోజులు ఆగదు. స్టెయిన్‌లెస్‌లో 409, 304 అని రెండు రకాలు దొరుకుతాయి. 409కి అయస్కాంతం అంటుకుంటుంది, 304కి దాదాపు అంటుకోదు. 304 అని బిల్లు వేస్తుంటే జేబులో ఒక అయస్కాంతం పెట్టుకెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యమైనది లీకు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసి, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ పాత బండిలో జాయింట్ కారుతుంటే, ఫ్లోర్ తుప్పు రంధ్రాల్లోంచి ఆ గ్యాస్ లోపలికి వస్తుంది. తలనొప్పి, మత్తు, ఆపై ప్రాణానికే ముప్పు. వెనక సీట్లో పిల్లలు కూర్చునే బండి ఇది. వెల్డింగ్ అయ్యాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, టెయిల్ పైపు నోటిని మందపాటి గుడ్డతో క్షణం సేపు మూస్తే జాయింట్ల దగ్గర స్‌స్‌మనే శబ్దం వినిపిస్తుంది. ఆ పరీక్ష అయ్యాకే డబ్బులివ్వాలి. బ్రేక్, పెట్రోల్ గొట్టాలకు పైపు దగ్గరగా పోతోందేమో కూడా అప్పుడే వంగి చూసుకోవాలి.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల రూల్ 120 ప్రకారం శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి బండికీ ఉండాల్సిందే. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబుల్స్. అర్ధరాత్రి షిఫ్ట్ దిగి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వచ్చేవాళ్లకు పోలీసుల కంటే ముందు పక్కింటి వాళ్లే తగులుతారు.

15 ఏళ్లు దాటిన ప్రైవేటు కారు ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, బండి చూపించాలి. పొల్యూషన్ పరీక్షలో బీఎస్-2కు ముందు పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు, బీఎస్-2, బీఎస్-3 బళ్లకు అర శాతమే. కాబట్టి 2000 తర్వాతి బండిలో క్యాటలిటిక్ కన్వర్టర్ పీకించడం అంటే ఆ పరీక్షను చేజేతులా పోగొట్టుకోవడమే.

తీసేసిన పాత సైలెన్సర్‌ను, మానిఫోల్డ్‌ను కబాడీకి వేయొద్దు. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' సిరీస్ నంబర్ ఇస్తారు. ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, రోజువారీ వాడకానికి మాత్రం కుదరదు. 70ల మొదట్లోని ఫియట్‌లు ఇప్పటికే ఆ వయసుకు వచ్చేశాయి. మొదటి మారుతి 800లకు 2033 డిసెంబర్‌లో ఆ వయసు వస్తుంది.