చికాగో నగరం: కాలిన దస్తావేజులు, దక్కిన పుస్తకాలు



"అమెరికా వెళ్ళి వచ్చారు గదా, ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వండి" అని మన కార్యదర్శిగారు అడిగారు. మా అమ్మాయి, అల్లుడు చికాగో దగ్గర ఉంటారు. 2023లో నేనూ, మా ఆవిడా వారి దగ్గర అయిదు నెలలు ఉండి వచ్చాం. తిరిగి వచ్చినప్పటి నుంచి కనిపించిన ప్రతివారూ అక్కడి ఎత్తయిన మేడల గురించే అడుగుతున్నారు. వాటి సంగతీ చెబుతాను. కాని రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా పనిచేసి, అందులో సగం కాలం రికార్డు రూములో దుమ్ము పీల్చినవాడిని. అందుచేత ఆ ఊళ్ళో నా మనసుకు హత్తుకున్న విషయం వేరుగా ఉంది.

చికాగో అనే పేరు అక్కడి ఆదివాసుల మాట నుంచి వచ్చింది. నది ఒడ్డున విరివిగా పెరిగే ఒక రకం అడవి వెల్లుల్లిని వారు అలా పిలిచేవారట. బయటి నుంచి వచ్చి అక్కడ మొదట స్థిరపడినవాడు జాన్ బాప్టిస్ట్ పాయింట్ డు సాబుల్ అనే నల్లజాతి వర్తకుడు. ఇది 1780ల నాటి మాట. 1837లో నగర హోదా వచ్చేనాటికి జనాభా సుమారు నాలుగు వేలు. 1848లో కాలువ తవ్వకం పూర్తయి మిషిగన్ సరస్సుకూ మిసిసిపీ నదీ ప్రాంతానికీ పడవ దారి ఏర్పడింది. అదే ఏడు రైలు కూడా వచ్చింది. ధాన్యం, కలప, పశువులు అన్నీ ఆ ఊరి మీదుగానే సాగాయి. 1870 నాటికి జనాభా మూడు లక్షలకు చేరింది.

ఊరు పెరిగిందేగాని నేల పల్లం. మురుగు పోయే దారి లేక 1854లో కలరా వచ్చి ఎందరో చనిపోయారు. అప్పుడు వీధుల మట్టాన్నే పెంచి, కింద మురుగు గొట్టాలు వేశారు. వీధి ఎత్తు పెరిగితే ఇళ్ళు పల్లంలో పడతాయి గదా! పెద్ద పెద్ద ఇటుక మేడల కింద వందలకొద్దీ జాకీలు పెట్టి, అంగుళం అంగుళం చొప్పున పైకి లేపారు. ఇవన్నీ 1850, 60 దశకాల్లో జరిగాయి.

ఇంత కష్టపడి లేపిన ఊరిలో ముఖ్యభాగం 1871 అక్టోబరులో కాలిపోయింది. ఆ ఏడు వానలు సరిగా లేవు. ఇళ్ళు కర్రవి, నడిచే బాటలూ కర్రవే. అక్టోబరు 8, ఆదివారం రాత్రి డికోవెన్ వీధిలో ఓలియరీ అనే పేద కుటుంబం వారి పశువుల కొట్టం దగ్గర మంట లేచింది. గాలి తోడయి రెండు రోజులు కాలింది. సుమారు 300 మంది చనిపోయారు. లక్షమంది నిలువ నీడ లేనివారయ్యారు. పదిహేడు వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి.

మిషిగన్ అవెన్యూలో పాత వాటర్ టవర్ ఉంది. 1869లో సున్నపురాతితో కట్టిన చిన్న బురుజు. మంటల్లో నిలబడిన కొద్ది కట్టడాలలో అది ఒకటి. చుట్టూ ఆకాశాన్నంటే భవనాల మధ్య బొమ్మలాగా ఉంటుంది. మా మనవరాలు "తాతయ్యా, ఇంత చిన్నదాన్ని చూడటానికా ఇంత దూరం వచ్చాం?" అంది. "ఇది అన్నీ చూసిందమ్మా" అన్నాను. ఎదురుగానే నీళ్ళు తోడే పంపుల కట్టడం ఉంది. ఆ రాత్రి దాని కప్పు కాలి పంపులు ఆగిపోవడంతో ఊరికి నీళ్ళే లేకుండా పోయాయి.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయానికి వస్తాను. నగరం నడిబొడ్డున కోర్టు భవనం ఉండేది. దాని గోపురం మీది గంట అపాయం తెలుపుతూ మోగీ మోగీ చివరికి గోపురంతో సహా కూలింది. కింద జైలులో ఉన్న ఖైదీలను వదిలిపెట్టారు. కాని ఆ భవనంలోనే ఉన్న జిల్లా భూముల రికార్డులను ఎవరూ కాపాడలేకపోయారు. దస్తావేజులు, తనఖాలు, పటాలు, కోర్టు తీర్పులు అన్నీ కాలిపోయాయి. అల్లుడు గ్రంథాలయం నుంచి తెచ్చిచ్చిన పుస్తకంలో ఈ మాట చదివి ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇల్లు కాలితే స్థలమన్నా మిగులుతుంది. ఆ స్థలం నీదేనని చెప్పే కాగితం కూడా కాలిపోతే ఏం మిగులుతుంది? ఎవరి స్థలంలో ఎవరు కట్టుకోవాలి? ఏ బ్యాంకు అప్పిస్తుంది?

నగరాన్ని ఆదుకున్నవి మూడు ప్రైవేటు సంస్థల పుస్తకాలు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే ఇ.సి. వంటి కాగితాన్ని అక్కడ ఈ సంస్థలు తయారు చేసి అమ్ముకునేవి. అందుకోసం వారి గుమాస్తాలు రోజూ కోర్టు భవనానికి పోయి, రిజిస్టరైన ప్రతి దస్తావేజు సారాంశాన్నీ తమ పుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు. మన ఇండెక్సుల పని ఎంత విసుగో తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మంటలు దగ్గరకు వచ్చినప్పుడు ఈ సంస్థలవారు మిగతా ఆస్తి వదిలి పుస్తకాలను బయటకు తరలించారు. వారిలో జాన్ షార్టాల్ అనే ఆయన దారిన పోతున్న బండిని ఆపి, దాని మీద వేసుకుని పోయాడు. ఏ ఒక్కరి దగ్గరా అన్నీ దక్కలేదు. ముగ్గురివీ కలిపి చూస్తే లెక్క సరిపోయింది. 1872లో ఇల్లినాయి శాసనసభ కాలిపోయిన రికార్డుల చట్టం చేసి, ఆ పుస్తకాలను కోర్టులో సాక్ష్యంగా స్వీకరించే వీలు కల్పించింది. ఆ పునాది మీదనే కొత్త నగరం లేచింది. ఆ పుస్తకాలు రాసిన గుమాస్తాలకు మాత్రం ఎక్కడా విగ్రహం కనిపించలేదు.

కాలిన ఊరి శిథిలాలను సరస్సు ఒడ్డున పోసి పూడ్చారు. నేటి గ్రాంట్ పార్కులో కొంతభాగం ఆ నేలే. అందులో సాయంత్రం నడుస్తుంటే కాళ్ళ కింద పాత ఊరు ఉన్నదని గుర్తుకు వచ్చేది. 1885లో ఈ ఊళ్ళోనే లోహపు చట్రం మీద పది అంతస్తుల హోం ఇన్సూరెన్స్ భవనం కట్టారు. ఆకాశహర్మ్యాలకు అది తొలి మెట్టు అంటారు. 1931లో దాన్ని కూల్చివేశారు. 1890 నాటికి జనాభా పది లక్షలు దాటింది. మురుగు తాగునీటి సరస్సులో కలవకుండా 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పారు.

ఉద్యోగ సంఘాల్లో తిరిగినవారికి తెలిసిన మరో చోటు హేమార్కెట్. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు సమ్మె చేసింది ఈ ఊళ్ళోనే. మే 4న హేమార్కెట్ సభలో బాంబు పడింది. వేసినదెవరో తేలకుండానే మరుసటి ఏడు నలుగురిని ఉరితీశారు. 1893లో గవర్నరు ఆల్ట్‌గెల్డ్ విచారణ అన్యాయంగా జరిగిందని రాసి, జైల్లో మిగిలిన ముగ్గురిని విడుదల చేశాడు. పోయిన ప్రాణాలు రాకపోయినా కాగితం మీద న్యాయం నమోదయింది.

అదే 1893లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. సెప్టెంబరు 11న సర్వమత మహాసభలో వివేకానందస్వామి ప్రసంగించారు. ఆ ఏడు ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర గురించి మాట్లాడి వెళ్ళినవారే ఆయన. ఆ భవనం నేడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. మా ఆవిడ మెట్ల దగ్గర చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది.

110 అంతస్తుల సియర్స్ టవర్ పేరు 2009లో విల్లిస్ టవర్‌గా మారింది. 1450 అడుగుల ఎత్తుతో పాతికేళ్ళ దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనంగా నిలిచింది. తొమ్మిది గొట్టాలను కట్టగా కట్టినట్టుండే దాని నిర్మాణాన్ని రూపొందించిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడు. మిలీనియం పార్కులో చిక్కుడు గింజలా మెరిసే పెద్ద ఉక్కు శిల్పం చేసిన అనీష్ కపూర్ బొంబాయిలో పుట్టారు.

చివరిగా ఓలియరీ ఇల్లాలి సంగతి. ఆమె ఆవు లాంతరును తన్నినందువల్లే ఊరు కాలిందని పత్రికలు రాశాయి. విచారణలో నిప్పు ఎలా పుట్టిందో తేలలేదు. అయినా ఆ పేదరాలు బతికినంతకాలం నింద మోసింది. 1997లో, అంటే 126 ఏళ్ళకు, నగరపాలక సంఘం ఆమెకు ఆ నింద నుంచి విముక్తి ప్రకటిస్తూ తీర్మానించింది. ఆ కొట్టం ఉన్న చోట తరువాత అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ ఇచ్చే పాఠశాల కట్టారు.

ఇదంతా మనకెందుకని కొందరు అనుకోవచ్చు. నేను పదవీ విరమణ చేసినప్పుడు నా సర్వీసు రిజిస్టరు మొదటి సంపుటం కనిపించడం లేదన్నారు. ఏ కార్యాలయంలో పోయిందో ఇప్పుడు అనవసరం. ముప్పై రెండేళ్ళు ఊరందరి కాగితాలూ భద్రం చేసినవాడికి తన కాగితం లేదు. పదకొండు నెలలు పూర్తి పెన్షను రాలేదు. అమ్మాయి పెళ్ళికి అప్పు చేయవలసి వచ్చింది. ఆఖరుకు నాకంటే ముందే రిటైరైన ఒక సీనియర్ గుమాస్తాగారు ఎండలో నా వెంట వచ్చి, పాత జీతాల బిల్లుల ఆఫీసు కాపీలు ఏ బీరువాలో ఏ కట్టలో ఉన్నాయో చూపించారు. వాటి ఆధారంగా నా మొదటి తొమ్మిదేళ్ళ సర్వీసూ తిరిగి రాశారు. ఆయన ఇప్పుడు లేరు. షార్టాల్ బండి సంగతి చదివినప్పుడు నాకు కళ్ళ ముందు కనిపించింది ఆయనే.

కనుక మిత్రులారా, ఒక మనవి. ఈ సంచిక చదవడం ముగించిన రోజునే మీ పి.పి.ఓ., సర్వీసు రిజిస్టరు నకలు, నామినేషన్ కాగితాలు, బ్యాంకు పుస్తకం ఒకచోట పెట్టండి. రెండో ప్రతి తీసి పిల్లల ఇంట్లో ఉంచండి. ఎక్కడున్నాయో మీ ఇంటావిడకు చూపించండి. ఫ్యామిలీ పెన్షనుకు తిరగవలసి వస్తే తిరిగేది ఆమే గదా. మా ఇంట్లో మావి పచ్చ రేకు పెట్టెలో పై అరలో ఉన్నాయి. మొన్న మా ఆవిడ చేత తీయించి, పేరు పేరునా చదివించాను.

సెలవు.