శ్రమకు విగ్రహం కట్టిన శిల్పి

విద్యార్థులారా! పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు మాట ఎందుకు వినిపిస్తుందో తెలుసా? ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు రైల్వే పనికోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. హౌరా - మద్రాసు రైలు మార్గం ఆ పట్టణం మీదుగానే సాగుతుంది. ఆ మార్గానికి ఇవతలి కొసన ఉన్న మద్రాసులో, శ్రమజీవికి విగ్రహం కట్టిన బెంగాలీ శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి. ఆయన గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆయన 1899లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో జన్మించారు. అవనీంద్రనాథ్ ఠాగూర్ వద్ద చిత్రకళ, హిరణ్మయ్ రాయ్ చౌధురి వద్ద శిల్పకళ అభ్యసించారు. కుస్తీ పట్టేవారు, వేణువు వాయించేవారు, వేటాడేవారు, బెంగాలీలో కథలు రాసేవారు. 1929లో మద్రాసు ప్రభుత్వ కళాపాఠశాల అధిపతి అయ్యారు. ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. కె.సి.ఎస్. పణిక్కర్, మన అంట్యాకుల పైడిరాజు ఆయన శిష్యులు.

ఆ నగరంలో విగ్రహమంటే ఏమిటి? 1839 నుండి గుర్రంపై కూర్చుని ఉన్న గవర్నర్ మన్రో విగ్రహాన్ని చూడండి. ఎత్తైన పీఠం, దానిపై పాలకుడు. చౌధురి ఈ పద్ధతిని మార్చారు. మెరీనా తీరాన 1959లో ఆవిష్కరించిన ‘శ్రమ విజయం’లో నలుగురు పేరులేని కూలీలు పెద్ద బండను కదిలిస్తున్నారు. వంగిన నడుములు, బిగిసిన కండరాలు, నేలను తన్నిపట్టిన పాదాలు గమనించండి. బరువు శరీరంలో ఎక్కడ పడుతుందో కుస్తీ తెలిసిన శిల్పికి వేరే చెప్పనక్కరలేదు కదా! ఫ్రెంచి శిల్పి రోడాన్ ప్రభావం కూడా ఇందులో కనిపిస్తుంది.

పాట్నాలోని అమరవీరుల స్మారకమూ ఇటువంటిదే. 1942 ఆగస్టు 11న జెండా ఎగరవేయబోయి, కాల్పుల్లో ప్రాణాలర్పించిన ఏడుగురు విద్యార్థులు అందులో కంచు రూపం దాల్చారు. వారిది మీ వయసే.

చౌధురి 1954లో లలితకళా అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. 1975లో కన్నుమూశారు.

ఇక ఒక పని చేయండి. మీ ఊరి కూడళ్లలో ఎవరెవరి విగ్రహాలున్నాయో లెక్కించండి. అందులో పట్టాలు వేసినవారు, బండలు మోసినవారు ఎందరు? ఖరగ్‌పూర్ వంటి పట్టణాలను నిలబెట్టినది ఆ చేతులే. ఆ లెక్క తేలితే, చౌధురి చేసిన పని ఎంత పెద్దదో మీకే అర్థమవుతుంది.