పునాది లెక్కలకు పైకమిచ్చినదెవరు?

బళ్ళారి, హొసపేట, హుబ్బళ్ళి ప్రాంతములలో మూడు నాలుగు తరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు హూవిన హడగలి పేరు క్రొత్త కాదు. ఆ ఊరి మల్లెపూవు మన ఇండ్ల పూజకు వచ్చునదే. ఆ హడగలిలోనే 1920 సెప్టెంబరు 10వ తేదీన ఒక తెలుగు పోలీసు ఇన్‌స్పెక్టరుగారి ఇంట కల్యంపూడి రాధాకృష్ణారావుగారు జన్మించినారు. ఎనిమిదవ బిడ్డ గనుక కృష్ణుని పేరు పెట్టిరట. అప్పటికి ఆ ఊరు చెన్నరాజధానిలోని బళ్ళారి జిల్లాలోనిది; 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు మైసూరులో చేరినది; ఇప్పుడు కర్ణాటకమున విజయనగర జిల్లాలో నున్నది.

నేడు ఎక్కడ చూచినను వినబడుచున్న కృత్రిమ మేధ, అనగా ఏ.ఐ., కొంతవరకు ఈ హడగలివారి లెక్కలమీద నిలిచియున్నదన్న మనలో చాలమంది నమ్మరు. ఆ సంగతి చెప్పవలెనని మా కోరిక. అంతకంటె ముఖ్యముగా, ఆ లెక్కలు వేయుచున్న దినములలో ఆయనకు అన్నము పెట్టినదెవరని విచారింపవలెనని కోరిక. యంత్రములకు ఎవరెంత ఇచ్చిరో పత్రికలు వ్రాయును. వాని అడుగుననున్న గణితమునకు ఎవరేమి ఇచ్చిరో వ్రాయువారు తక్కువ.

తండ్రిగారి బదిలీలతోపాటు రావుగారి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి విశాఖపట్టణము చేరినది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేపి, నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టెడివారని వారే తమ గ్రంథమొకదాని అంకితములో చెప్పుకొన్నారు. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునుండి గణితమున ఎం.ఏ. ప్రథమశ్రేణిలో పొందినారు. పరిశోధన చేయవలెనని విద్యార్థి వేతనమునకు అర్జీ పెట్టగా, గడువు దాటి వచ్చినదని త్రోసివేసినారు. గడువు దాటిన కాగితమును ప్రక్కన బెట్టుట మాబోటి గుమాస్తాలకు నిత్యకృత్యమే. అందులో తప్పుపట్టుటకు లేదు. కాని ఆ ఒక్క కాగితముతో దేశములోని గొప్ప గణితజ్ఞు డొకడు గణితమునే వదలి పోవలసినవాడు. ఉద్యోగము కొరకు కలకత్తా వెళ్ళినారు. అదియు దొరకలేదు. అక్కడ ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర శాఖలో రెండు గదులలో నడుచుచున్న భారత గణాంకశాస్త్ర సంస్థను యాదృచ్ఛికముగా చూచి, 1941 జనవరి 1వ తేదీన అందులో శిక్షణకు చేరినారు.

ఆ సంస్థను 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు స్థాపించినారు. మొదటి సంవత్సరమున దాని మొత్తము ఖర్చు 238 రూపాయలు. తరువాత పెద్ద మొత్తములు వచ్చినవి గాని, అవి గణితము కొరకు వచ్చినవి కావు. 1937 మొదలు వంగదేశములో జనపనార సాగు ఎంత ఉన్నదో లెక్కగట్టు పనికి జనపనార కేంద్రసంఘమువారు ధనమిచ్చినారు. ప్రతి పొలమును కొలువక, చీటీలు తీసినట్లు కొన్నిచోట్లను ఏరి, వానిని మాత్రమే కొలిచి, మొత్తమును అంచనా వేయుట మహలనోబిసుగారి పద్ధతి. అంచనా ఎంతవరకు నమ్మదగినదని అడిగినవారికి జవాబు చెప్పుటకు గణితజ్ఞులు కావలసివచ్చిరి. ఇట్లు జనపనార లెక్క నీడన శుద్ధగణితమునకు చోటు దొరికినది. మాకు తెలిసిన కార్యాలయ భాషలో చెప్పవలెనన్న, గణితమునకు వేరే పద్దు లేదు. సర్వే పద్దులోనే అది కూడ జరిగిపోయినది.

1944లో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచున్నారు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫిషరు పెద్ద నమూనాల విషయమున చెప్పిన ఒక ఫలితము వివరించుచుండగా, దాండేకరు అను విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు ఇట్టిది నిరూపించుటకు వీలులేదా అని అడిగినాడు. రావుగారు ఆ రాత్రి కూర్చుండి సాధించి మరునాడు తరగతిలో చూపినారు. 1945లో కలకత్తా గణితసంఘ పత్రికలో అచ్చయిన వ్యాసమున అది వచ్చినది. అప్పటికి వారికి ఇరువదియైదేండ్లు.

ఆ వ్యాసములోని విషయము మూడు మాటలలో చెప్పుటకు ప్రయత్నింతుము. మనవంటి మెట్రిక్యులేషను చదువువారికి అందునంత చాలును. ఒక స్టేషనులో రోజుకు సగటున ఎందరు రైలెక్కుదురో తెలియవలెను. చేతిలో పదిరోజుల టికెట్టు లెక్క మాత్రమున్నది. ఎటువైపునకును మొగ్గని అంచనా ఎంత తెలివిగా వేసినను, పొరపాటు ఒక హద్దుకంటె తగ్గదు. ఆ హద్దును ఆ పదిరోజుల లెక్కలో ఇమిడియున్న సమాచారమే నిర్ణయించును. స్వీడను దేశపు క్రామెరు కూడ వేరుగా కనుగొన్నందున దీనికి క్రామెర్-రావు హద్దని పేరు. రెండవది, మోటు అంచనాను మెరుగు పెట్టు ఉపాయము. మూడవది చాలకాలము ఎవరికిని పట్టలేదు. సంభావ్యతల పట్టికలు రెండున్నచో వాని మధ్య దూరమెంత? రావుగారు దానికొక కొలబద్ద చూపినారు. కాసిల్‌రాక్ నుండి కుళెము వరకు పటముమీద స్కేలు పెట్టి కొలిచిన దూరము వేరు, ఘాట్‌లో వంకరలు తిరిగి దిగు రైలుకు దూరము వేరు. నేల ఏ విధముగా ఉన్నదో చూచి కొలువవలెను. అదే తీరున సంభావ్యతలకును ఒక నేల కలదనియు, అది చదునైనది కాదనియు ఆ వ్యాసము చూపినది.

ఇప్పటి కృత్రిమ మేధ యంత్రములలో లెక్కకు మిక్కిలి సంఖ్యలుండును. యంత్రము తప్పు చెప్పినప్పుడెల్ల వానిని కొంచెము కొంచెము సవరింతురు. ఏ వైపునకు సవరించిన తప్పు త్వరగా తగ్గును? అది ఆ నేల వంపుమీద ఆధారపడును. 1998లో జపాను శాస్త్రజ్ఞుడు షునిచి అమారి రావుగారి కొలబద్దతోనే ఆ దిక్కును కనుగొను పద్ధతి ప్రకటించినాడు. యథాతథముగా వాడుట ఖర్చుతో కూడినది గనుక పెద్ద యంత్రములకు తేలిక పద్ధతులనే వాడుదురు. అయినను సిద్ధాంతమున దాని స్థానము చెదరలేదు. 1945కు 1998కి మధ్య 53 ఏండ్లు. ఏ గ్రాంటు గడువు అంత కాలముండును?

అమెరికాలో పద్దు వేరుగానే తెరచిరి. 1955లో మెకార్తీ, మిన్‌స్కీ, రోచెస్టరు, షానను అను నలుగురు రాక్‌ఫెల్లరు ఫౌండేషనువారిని 13,500 డాలర్లు అడిగిరి, 7,500 దొరికినవి. 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన ఆ సమావేశముతోనే కృత్రిమ మేధ అను పేరు స్థిరపడినది. 1958లో నౌకాదళపు సొమ్ముతో రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్ అను నేర్చుకొను యంత్రమును ప్రకటించినాడు. పత్రికలు ఆకాశమున కెత్తినవి. 1969లో మిన్‌స్కీ, పేపర్టు ఒక గ్రంథము వ్రాసి, ఒకే వరుస గల అట్టి యంత్రము కొన్ని సులభమైన పనులు కూడ చేయలేదని గణితముతో నిరూపించిరి. అదే కాలమున సైన్యపు సొమ్ము సైన్యమునకు పనికివచ్చు పరిశోధనకే ఇయ్యవలెనని మాన్స్‌ఫీల్డు సవరణ వచ్చినది. 1973లో లైట్‌హిల్ నివేదిక తరువాత ఇంగ్లండులోను చేయి బిగించిరి. ఎండకాలపు చెరువువలె ఆ శాస్త్రము చాల ఏండ్లు ఎండినది. 2004లో కెనడావారు హింటనుగారి చిన్న బృందమునకు ఆశ్రయమిచ్చిరి; ఆ హింటనుగారికే 2024లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి వచ్చినది.

యంత్రములు పనిచేయసాగిన పిదప, అవి ఎందుకు పనిచేయుచున్నవో ఎవరికిని పూర్తిగా తెలియదని కనుగొనిరి! 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానము, సైమన్సు ఫౌండేషను కలిసి, ఆ గణితమును తేల్చుటకు రెండు బృందములకు కోటి డాలర్ల చొప్పున ఐదేండ్లకు మంజూరు చేసిరి. ఇల్లు కట్టి కాపురము పెట్టిన తరువాత పునాది లోతు చూచుట వంటిది. మన దేశములో 2024 మార్చిలో కృత్రిమ మేధ కొరకు 10,372 కోట్ల రూపాయల పథకమును కేంద్రమంత్రివర్గ మంగీకరించినది. అందులో మిక్కిలి పెద్ద భాగము గణనయంత్రముల సదుపాయమునకే.

రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించిరి. సొమ్ము 80 వేల డాలర్లు. ఆ 1945 నాటి వ్యాసమునకే ఆ గౌరవము. అప్పటికి వారికి 102 ఏండ్లు. ఆగస్టులో అమెరికాలో కన్నుమూసినారు.

మన సంఘము ఏటేటా ఇచ్చు విద్యార్థి వేతనముల జాబితా మేము చూచినాము. ఇంజనీరింగు, కంప్యూటరు, నర్సింగు చదువువారు కలరు. గణితము ఎం.ఎస్‌సి. చదువు పిల్లవాడు గాని పిల్ల గాని ఒక్కరును లేరు. అర్జీలో “ఈ చదువువలన లభించు ఉద్యోగము” అని ఒక గడి ఉన్నది. గణితము చదువువారు అందులో ఏమి వ్రాయుదురు? ఈ ఉగాది సర్వసభ్య సమావేశమున ఒక వేతనమును గణితమునకో గణాంకశాస్త్రమునకో ప్రత్యేకించవలెననియు, దానికి ఆ గడి తీసివేయవలెననియు, గడువు దాటి పదునైదు దినములలో వచ్చు అర్జీలను కూడ పరిశీలింపవలెననియు తీర్మానము పెట్టుచున్నాము. బలపరచు సభ్యులు తమ పేర్లు కార్యదర్శిగారికి ముందుగా ఇయ్యగోరుచున్నాము.