సుబ్బారావు లెడర్లే, ఒక పైపూత మందు

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో బడికి వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథి అయ్యారు. 1948 ఆగస్టులో కన్నుమూశారు.

మరుసటి నెలలోనే కీళ్లవాతంతో బాధపడుతున్న ఒకామెకు తొలిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చారు. 1952లో అదే కోవకు చెందిన హైడ్రోకార్టిజోన్ పైపూతగా పనిచేస్తుందని తేలింది. 1950ల్లోనే లెడర్లే ట్రయామ్సినోలోన్‌ను తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన క్లోబెటసాల్ వీటన్నిటికన్నా ఘాటైనది.

తీవ్రంగా విజృంభించిన సోరియాసిస్‌ను క్లోబెటసాల్ త్వరగా అణచగలదు. అతిగా రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. అందుకే వరసగా రెండు వారాలు, వారానికి 50 గ్రాములు దాటకూడదు.

తామరకూ, ముఖం తెల్లబడటానికీ సొంతంగా రాసుకునే అలవాటు ప్రబలడంతో 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేనిదే వీటిని కొనకండి.