వేపపుల్ల నుంచి దంతవైద్యుని కుర్చీ దాకా



కోయంబత్తూరు చూసినవాళ్ళకు ఆర్.ఎస్. పురం తెలియకుండా ఉండదు. తిన్నని వీధులు, వరసలు తీరిన చెట్లు, వీధి వీధికీ ఒక వైద్యుని బోర్డు. ఈ పేట పూర్తి పేరు రత్నసభాపతి పురం. మునిసిపాలిటీకి అధ్యక్షులుగా పనిచేసిన దివాన్ బహదూర్ సి.ఎస్. రత్నసభాపతి మొదలియార్ గారి పేరు మీద వెలసింది. ఇక్కడి డి.బి. రోడ్డు కూడా ఆ దివాన్ బహదూర్ గారి జ్ఞాపకమే. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కోయంబత్తూరును ప్లేగు పదే పదే పీడించింది. పాతపేట ఇరుకు సందుల్లో ఎలుకలు చచ్చిపడితే జనం ఇళ్ళకు తాళాలు వేసి ఊరి బయట పాకల్లో తలదాచుకునేవారు. అలా ప్రతిసారీ పారిపోవడం కంటే గాలి వెలుతురు వచ్చే కొత్త పేట కట్టుకోవడం మేలని ఊరి పెద్దలకు తోచింది. పడమటి పొలాల్లో ఆర్.ఎస్. పురం అలా లేచింది. శిరువాణి కొండ నీళ్ళు ఊరికి తేవడంలోనూ ఆయన పాత్ర పెద్దది.

జబ్బు రాకముందే జాగ్రత్తపడాలన్న ఆలోచనతో పుట్టిన పేటలో ఉంటూ, పళ్ళ విషయంలో మాత్రం మనం ఇంకా ప్లేగు రోజుల పద్ధతిలోనే నడుస్తున్నాం. బుగ్గ వాచి, రాత్రంతా నిద్ర లేకపోతే తప్ప దంతవైద్యుని గడప తొక్కం. ఈ అలవాటు ఎక్కడిదో కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం.

మన తెలుగువాళ్ళు ఈ గడ్డకు నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు కారు. 14వ శతాబ్దిలో విజయనగర రాజకుమారుడు కుమార కంపన మదురై దాకా దండెత్తి వచ్చినప్పటి నుంచి రాకపోకలు మొదలయ్యాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన నెలకొల్పి, దేశాన్ని 72 పాళెములుగా విభజించాడని చరిత్ర చెబుతుంది. సైనికుల వెంట నల్లరేగడి భూముల్లో ప్రత్తి పండించే రైతులు, మగ్గం నేసేవారు, తోలు పని చేసేవారు, వ్యాపారులు వచ్చారు. నాయుళ్ళు, రెడ్లు, దేవాంగులు, అరుంధతీయులు ఇలా ఎన్నో కులాల ఇళ్ళలో నేటికీ తెలుగు వినపడుతుంది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. అందుకే మా ఇళ్ళలో చాలామంది ‘పన్ను’ అనరు, ‘పల్లు’ అంటారు. అదీ మంచిదే; పన్ను అనగానే మునిసిపాలిటీవారి ఇంటిపన్ను గుర్తొస్తుంది. నిజానికి రెండింటి గుణమూ ఒకటే. వేళకు చూసుకోకపోతే అపరాధ రుసుము తప్పదు.

వలస వచ్చినవారు తమతో పందుంపుల్లను కూడా తెచ్చుకున్నారు. వేప, కానుగ, ఉత్తరేణి వేరు ఇక్కడా దొరికాయి. తమిళ సోదరుల దగ్గర ‘ఆలుం వేలుం పల్లుక్కుఱుది’ అన్న సామెత నేర్చుకున్నారు. మర్రి ఊడ, తుమ్మపుల్ల పళ్ళకు బలం అని దాని అర్థం. చరకుడు, సుశ్రుతుడు ఏనాడో దంతకాష్ఠం గురించి, నాలుక గీసుకోవడం గురించి చెప్పారు. పుల్ల కొనను నమిలి కుంచెలా చేసి తోముకోవడం ఉత్త మూఢాచారం కాదు, మంచి అలవాటే. తర్వాత ఉప్పు, బొగ్గుపొడి, పిడకల కచ్చిక వచ్చాయి. బొగ్గు, ఇటుకపొడి లాంటివి మాత్రం పంటి పైపొరను అరగదీస్తాయి. 1913లో నంజనగూడులో బి.వి. పండిత్ గారు సద్వైద్యశాల స్థాపించారు. అక్కడి ఎర్రని పళ్ళపొడి మైసూరు దాటి మన ఇళ్ళకూ చేరింది. 1937లో కోల్గేట్ కంపెనీ భారతదేశంలో అడుగు పెట్టింది. ఇక గోపాల్ పళ్ళపొడి ప్రకటన రేడియోలో విని పెరిగినవాళ్ళు మన శ్రోతల్లో ఎందరో ఉంటారు.

అంటే తోముకోవడంలో మనవారు ఎవరికీ తీసిపోలేదు. లోటు ఇంకొక చోట ఉంది. చెయ్యి వెళ్ళినంత వరకే పుల్ల వెళుతుంది. దవడపన్ను వెనక ఏం జరుగుతోందో చూసే కన్ను ఎవరికీ లేదు. కనపడని చోట కథలు పుడతాయి. పిప్పిపన్నులో పురుగు ఉందన్నారు. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోట్లోకి పట్టిస్తే పురుగులు రాలిపోతాయని నమ్మారు. ఇది మన ఒక్కరి నమ్మకమే కాదు, బాబిలోనియా నుంచి ఐరోపా దాకా పంటిపురుగు కథ ఉంది. 1683లో లీవెన్‌హుక్ అనే హాలెండు దేశస్థుడు పళ్ళ మీది పాచిని తన భూతద్దం కింద పెట్టి, అందులో కదిలే సూక్ష్మజీవులను చూశాడు. 1728లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ పంటిపురుగు మాటను కొట్టిపారేశాడు. 1890లో మిల్లర్ అసలు సంగతి విప్పి చెప్పాడు: మనం తిన్న తీపిని, పిండిని నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పన్నును కరిగిస్తుంది. పైపొరలో నరం లేదు కాబట్టి కరుగుతున్నంతసేపూ నొప్పి తెలియదు. నొప్పి పుట్టిందంటే పుచ్చు లోపలి దాకా దిగిందని లెక్క. నొప్పిని గడియారంగా పెట్టుకున్నవాడు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు.

అలా వచ్చినవాళ్ళకు ఆ రోజుల్లో దొరికింది పన్ను పీకేవాడే. పల్లెలో మంగలి, సంతలో పటకారు పట్టినవాడు. ఐరోపాలోనూ ఒకప్పుడు క్షురకులే పళ్ళు పీకేవారు. మద్రాసు లాంటి పట్టణాల్లో చైనా దంతవైద్యుల దుకాణాలు వెలిశాయి. పెద్ద కట్టుడుపళ్ళ బొమ్మ గీసిన ఆ బోర్డులు పాతవారికి గుర్తుండే ఉంటాయి. 1920లో కలకత్తాలో డాక్టర్ ఆర్. అహ్మద్ దేశంలో మొదటి దంతవైద్య కళాశాల ప్రారంభించారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. పట్టం లేకపోయినా ఏళ్ళ తరబడి ఈ పనినే నమ్ముకున్నవారిని కూడా ఆ చట్టం వేరొక జాబితాలో చేర్చుకుంది. అంతమంది ఉండేవారన్నమాట! 1953లో మద్రాసు మెడికల్ కాలేజీలో దంతవైద్య విద్య మొదలైంది.

మన పెద్దల భయానికి కారణం ఇక్కడే ఉంది. లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందును 1943లో స్వీడన్‌లో కనుగొన్నారు. గాలి వేగంతో తిరిగే సన్నని బరమా 1957లో గాని రాలేదు. అంతకుముందు కుర్చీలో కూర్చున్నవారి అనుభవం వేరు. ఆ తాతల భయాన్ని మనుమలు ఇంకా మోస్తున్నారు. దానికి తోడు, పై పన్ను తీస్తే చూపు పోతుందన్న మాట ఒకటి. పంటి నరం వేరు, చూపు నరం వేరు. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి గారు అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపించిన మదురైలో కూడా ఈ మాట వినపడటం విచిత్రమే. వారు శిబిరాలు పెట్టి పల్లెవాళ్ళ దగ్గరికే వెళ్ళి కంటిని ముందుగా చూపించుకునే అలవాటు చేశారు. పంటికి ఇంకా అంతటి ఉద్యమం రాలేదు.

ఆరు నెలలకు ఒకసారి చూపించుకోవాలి అన్న మాట వింటూ ఉంటాం. ఈ లెక్కకు ప్రచారం తెచ్చింది పరిశోధన కంటే ఎక్కువగా అమెరికాలోని టూత్‌పేస్టు కంపెనీల రేడియో ప్రకటనలు. 1977లో షైహమ్ అనే దంతవైద్యుడు లాన్సెట్ పత్రికలో, దీనికి శాస్త్రాధారం ఏదని సూటిగా అడిగాడు. 2004లో ఇంగ్లండు ఆరోగ్య సంస్థ, మనిషిని బట్టి గడువు పెట్టమంది: పెద్దవారికి 3 నెలల నుంచి 24 నెలల దాకా, 18 ఏళ్ళలోపు వారికి 12 నెలలు మించకుండా. పళ్ళు గట్టిగా, చిగుళ్ళు శుభ్రంగా ఉన్న పెద్దవారికి ఏడాది దాటినా ఫరవాలేదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పొగాకు వక్క నమిలేవారు, పిల్లలు త్వరగా వెళ్ళాలి. ఎన్ని నెలలు అన్నది వైద్యుడు నోరు చూసి చెప్పాలి. మొదటిసారి చూపించుకోకపోతే ఆ లెక్కే పుట్టదు.

మరి వెళితే ఏం చేస్తారు? ముందు పటకారు పట్టరు. మాటలతో మొదలవుతుంది. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నాయా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఏ మందైనా పడదా అని అడుగుతారు. దాచకూడదు. తర్వాత చిన్న అద్దం, దీపం పెట్టి ప్రతి పన్నూ చూస్తారు. గీతలున్న సన్నని కడ్డీతో చిగురు ఎంత లోతు జారిందో కొలుస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. రెండు పళ్ళ మధ్య పుచ్చు కంటికి కనపడదు, ఎక్స్‌రేలో కనపడుతుంది. గార పట్టి ఉంటే శుభ్రం చేస్తారు. గార తీయిస్తే పళ్ళు కదులుతాయని ఒక అపోహ ఉంది. ఏళ్ళ తరబడి సందుల్లో పేరుకున్న గార పోయాక ఖాళీ కనపడుతుంది, అంతే. చిగురును తింటున్నది ఆ గారే. ఒకటి రెండు రోజులు చల్లనిది తగిలితే జివ్వుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది. మన పల్లెల్లో ‘తోముకుంటే నెత్తురు వస్తుంది, అందుకే తోముకోవడం మానేశాను’ అనేవాళ్ళు ఉన్నారు. నెత్తురు రావడమే చూపించుకోమని చెప్పే కబురు.

ఇంకొక పని జరుగుతుంది, దాన్ని చాలామంది గమనించరు. నాలుక పట్టుకుని పక్కలకు తిప్పి, బుగ్గల లోపల, నాలుక కింద చూస్తారు. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు కోసం వెతుకుతారు. తాంబూలం మన శుభకార్యాల్లో భాగమే కాని, రోజంతా దవడలో వక్క పెట్టుకోవడం వేరు. పొగాకు లేని వక్క కూడా కాన్సరు తెస్తుందని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. మన పొరుగునే, తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఒక గొప్ప పరిశీలన జరిగింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, టార్చిలైటు వెలుగులో నోళ్ళు చూశారు. 2005లో ఫలితాలు వచ్చాయి: పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కాన్సరు మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఖరీదైన యంత్రం ఏదీ లేదు. ఎవరో ఒకరు వేళకు చూశారు. రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే పరీక్ష రోజు దాకా ఆగవద్దు.

చివరగా సరిహద్దు జిల్లాల శ్రోతలకు ముఖ్యమైన మాట. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో పిల్లల ముందుపళ్ళ మీద సున్నపు మరకలు, గోధుమరంగు చారలు చూసి, ‘సరిగ్గా తోముకోడు’ అని తల్లిదండ్రులు కోప్పడుతూ ఉంటారు. పాపం, బిడ్డ తప్పు కాదు. బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే చిగురు లోపల తయారవుతున్న దశలోనే పన్ను దెబ్బ తింటుంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి గురించి రాసినప్పుడు వారు చూసినది తెలుగువారినే; అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన రైతులను. తర్వాత నల్లగొండ పేరు అందరికీ తెలిసింది. పంటి మరక దీనికి మొదటి గుర్తు, ఎముక దాకా వెళితే వెనక్కి తేలేం. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. తక్కువ మోతాదులో అదే ఫ్లోరైడు పన్నును పుచ్చు నుంచి కాపాడుతుంది. కనుక మీ ఊరి నీటి సంగతి వైద్యునితో తప్పక చెప్పండి. పిల్లవానికి ఏ పేస్టు, ఎంత అన్నది దాన్ని బట్టి ఉంటుంది. మూడేళ్ళు దాటిన బిడ్డకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మించాలి.

ఈ రెండు జిల్లాలకు హొగేనకల్ నుంచి కావేరి నీరు తెచ్చే పథకం 2013లో ప్రారంభమైంది. ఆ నీరు తాగి పెరిగిన పిల్లలకు ఇప్పటికి పాలపళ్ళు ఊడి కొత్త ముందుపళ్ళు వచ్చేశాయి. అన్న పళ్ళు, తమ్ముడి పళ్ళు పక్కపక్కన పెట్టి వెలుగులో చూడండి. తేడా కనపడకపోతే, ఇంట్లో తాగేది ఏ నీరో ముందు కనుక్కుని, ఆ తర్వాత పిల్లలను తీసుకుని వైద్యుని దగ్గరికి వెళ్ళండి.